మసక వెలుగులో ఫొటోలు – మూడో పాఠం: ఐఎస్ఓని తిట్టకండి

పోయిన పాఠం చివర ఒక చిన్న పని చెప్పాను. కెమెరాని అపెర్చర్ ప్రయారిటీ మోడ్‌లో పెట్టి, ఐఎస్ఓని 100 దగ్గర కదలకుండా ఉంచి, అపెర్చర్ ఎఫ్/5.6 పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి గదిలో లైటు వేసుకుని ఒకసారి కెమెరా ఏ షట్టర్ స్పీడ్ చూపిస్తోందో రాసుకోమన్నాను. (అపెర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. షట్టర్ స్పీడ్ అంటే వెలుగు లోపలికి పడే సమయం. ఐఎస్ఓ అంటే వచ్చిన సిగ్నల్‌ని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె.) ఎండలో 1/1000 సెకను దగ్గర, గదిలో ఒక సెకను దగ్గర వచ్చి ఉండాలి. గది అంకె ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. పెద్ద ట్యూబ్‌లైటు ఉంటే అర సెకను, మూలన చిన్న దీపం ఒక్కటే ఉంటే నాలుగు సెకన్లు కూడా రావచ్చు.

ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 1/1000 నుంచి 1 దాకా అంటే వెయ్యి రెట్లు. మొదటి పాఠంలో స్టాప్ అంటే రెట్టింపు లేదా సగం అనుకున్నాం కదా, ఆ లెక్కన ఇది పది స్టాపులు. ఇంత తేడా ఉందని మన కంటికి తెలియదు. కనుపాప 2 మిల్లీమీటర్ల నుంచి 7 మిల్లీమీటర్ల దాకా విప్పారితే లోపలికి వచ్చే వెలుగు పన్నెండు రెట్లు పెరుగుతుంది, అంతే. మిగతాదంతా రెటీనా, మెదడు కలిసి సర్దేస్తాయి. “గదిలో వెలుగు బాగానే ఉంది, ఫొటో మాత్రం ఎందుకిలా వచ్చింది?” అని అడిగేవాళ్ళందరికీ జవాబు ఇదే. గదిలో వెలుగు బాగా లేదు. మనకి అలా అనిపిస్తోంది, అంతే.

ఆ పది స్టాపుల్ని ఎక్కడెక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదే ఈ పాఠం. కొత్త కెమెరా కొనబోయేవాళ్ళకీ, ఉన్న కెమెరాతో కుస్తీ పడుతున్నవాళ్ళకీ లెక్క ఒకటే. ఏ కెమెరా కొనాలో ముందు చెప్పమంటారని తెలుసు. కానీ నాయిస్ ఎక్కడ పుడుతుందో తెలియకుండా కెమెరా ఎంచుకుంటే, అమ్మేవాళ్ళు చెప్పిన అంకెల్నే నమ్మాల్సి వస్తుంది. అందుకని అది ముందు, కొనడం తర్వాత.

నాయిస్ ఎక్కడ పుడుతుంది

చీకట్లో తీసిన ఫొటో మీద రంగురంగుల ఇసక చల్లినట్టు కనిపించేదాన్నే నాయిస్ అంటున్నాం. ఐఎస్ఓ పెంచితే అది వస్తుందని అందరూ అంటారు. చూడడానికి అలాగే ఉంటుంది గానీ, నేరం దానిది కాదు.

వెలుగు ఫోటాన్లనే విడివిడి కణాలుగా వస్తుంది. అవి సెన్సర్ (కెమెరాలో వెలుగుని పట్టే చిప్) మీద లెక్క ప్రకారం సమంగా పడవు. ఒకే రంగు వేసిన గోడని ఫొటో తీసినా, పక్కపక్కనున్న రెండు పిక్సెళ్ళకి ఒకే సంఖ్యలో ఫోటాన్లు అందవు. ఈ హెచ్చుతగ్గు ఎంత ఉంటుందంటే, వచ్చిన ఫోటాన్ల సంఖ్యకి వర్గమూలం అంత. సగటున 10,000 పడే చోట తేడా సుమారు 100, అంటే నూటికి ఒకటి. అది కంటికి ఆనదు. 100 మాత్రమే పడే చోట తేడా 10, అంటే నూటికి పది. అక్కడ గోడంతా మచ్చలే. దీన్ని షాట్ నాయిస్ అంటారు. ఎంత ఖరీదైన సెన్సర్ పెట్టినా ఇది పోదు. ఎందుకంటే ఈ హెచ్చుతగ్గు కెమెరాలో లేదు, వెలుగులోనే ఉంది.

దీనికి తోడు, సెన్సర్‌లో పోగైన సిగ్నల్‌ని చదివి అంకెలుగా మార్చేటప్పుడు ఎలక్ట్రానిక్స్ తన వంతుగా మరికొంత కలుపుతుంది. దాని పేరు రీడ్ నాయిస్. కొత్త తరం సెన్సర్లలో బాగా తగ్గింది ఇదే. బాగా చీకటిగా ఉన్న నీడల్లో తప్ప ఇప్పుడు దీని గురించి పెద్దగా కంగారు పడక్కర్లేదు.

మరి ఐఎస్ఓ చేసే పనేమిటి? అది సెన్సర్ మీదకి అదనంగా ఒక్క ఫోటాన్‌ని కూడా తీసుకురాదు. వచ్చిన కాస్త సిగ్నల్‌ని పెంచి, ఫొటో మామూలు వెలుగులో కనిపించేలా చేస్తుంది. సిగ్నల్‌తో పాటు అందులో ఉన్న నాయిస్ కూడా పెరిగి బయటపడుతుంది. వెలుగు తక్కువైంది కాబట్టి ఐఎస్ఓ పెంచాం. వెలుగు తక్కువైంది కాబట్టే నాయిస్ వచ్చింది. రెండూ ఒకేసారి కనిపించేసరికి ఐఎస్ఓ మీద నింద పడింది.

నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. కెమెరాని మాన్యువల్ మోడ్‌లో పెట్టి, మసక గదిలో ఎఫ్/4, 1/60 సెకను దగ్గర రెండు ఫొటోలు రా (సెన్సర్ చదివింది చదివినట్టే దాచే) ఫార్మాట్‌లో తీయండి. ఒకటి ఐఎస్ఓ 400తో, ఇంకొకటి 6400తో. మొదటిది దాదాపు నల్లగా వస్తుంది. దాన్ని కంప్యూటర్లో నాలుగు స్టాపులు పెంచి, రెండోదాని పక్కన పెట్టండి. ఈ మధ్య వచ్చిన కెమెరా అయితే రెండిటికీ పెద్ద తేడా ఉండదు. పాత కెమెరా అయితే ఐఎస్ఓ 400 ఫొటోయే ఇంకా అధ్వానంగా, నీడల్లో రంగు చారలతో కనిపిస్తుంది. ఐఎస్ఓకి భయపడి చీకటి ఫొటో తీసినందువల్ల దక్కిన లాభం ఏమీ లేదన్నమాట. అదే జేపెగ్‌లో తీసి పెంచితే ఇక చెప్పక్కర్లేదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి ఉండేవి 256 మెట్లే. 14 బిట్ల రా ఫైల్లో 16,384. నీడల్ని పైకి లాగినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

ఇంతకీ తేలిందేమంటే, ఫొటో ఎంత శుభ్రంగా వస్తుందన్నది సెన్సర్ మీద మొత్తం ఎంత వెలుగు పడిందన్నదాన్ని బట్టే. కెమెరా ఎంచుకునేటప్పుడు గానీ సెట్టింగులు పెట్టేటప్పుడు గానీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది వెలుగుని పెంచుతుందా?

కొనేటప్పుడు ఏం చూడాలి

ఈ ప్రశ్న పట్టుకుని చూస్తే కెమెరా పెట్టె మీది సగం అంకెలు పక్కకి తప్పుకుంటాయి.

మొదట మెగాపిక్సెళ్ళు. ఒకే సైజు సెన్సర్‌ని 24 మిలియన్ పిక్సెళ్ళుగా విడగొట్టినా, 45 మిలియన్లుగా విడగొట్టినా, దాని మీద పడే మొత్తం వెలుగు అంతే. ఫొటోని నూరు శాతం జూమ్ చేసి చూస్తే ఎక్కువ పిక్సెళ్ళున్నది నాయిస్‌గా కనిపిస్తుంది. రెండిటినీ ఒకే సైజులో చూస్తే తేడా దాదాపు ఉండదు. కాబట్టి చీకటి ఫొటోల కోసం మెగాపిక్సెళ్ళు తక్కువున్న కెమెరా వెతుక్కోనక్కర్లేదు, ఎక్కువున్నదానికి డబ్బు పోయనూ అక్కర్లేదు.

సెన్సర్ విస్తీర్ణం మాత్రం నిజంగా లెక్కలోకి వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ అంటే 36 × 24 మిల్లీమీటర్లు, 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అనే క్రాప్ సెన్సర్ సుమారు 23.5 × 15.6, అంటే 366 (కానన్‌ది ఇంకాస్త చిన్నది). మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13, అంటే 225. ఒక అంగుళం సెన్సర్ అని పిలిచేది నిజానికి 13.2 × 8.8 మాత్రమే, 116. ఆ పేరులోని అంగుళం ఎక్కడా కొలిస్తే దొరకదు, పాతకాలపు వీడియో కెమెరా ట్యూబుల కొలత నుంచి మిగిలిపోయింది. ఒకే ఎఫ్ నంబరు, ఒకే షట్టర్ స్పీడ్ దగ్గర ఫుల్ ఫ్రేమ్‌కి ఏపీఎస్-సీ కన్నా రెట్టింపు పైగా, మైక్రో ఫోర్ థర్డ్స్ కన్నా దాదాపు నాలుగు రెట్లు వెలుగు అందుతుంది. స్టాపుల్లో చెప్పాలంటే ఒకటి పైచిలుకు, దాదాపు రెండు.

బాగానే ఉంది. ఇప్పుడు లెన్స్ చూడండి. కెమెరాతో పాటు ఇచ్చే కిట్ లెన్స్ మామూలుగా ఎఫ్/3.5 నుంచి 5.6 దాకా ఉంటుంది. జూమ్ చేసేకొద్దీ 5.6కి పడిపోతుంది. ఎఫ్/1.8 లెన్స్ దానికన్నా తొమ్మిది రెట్లకి పైగా వెలుగు లోపలికి పంపుతుంది, మూడు స్టాపుల పైనే. బాడీ మార్చి ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తే వచ్చేది ఒక స్టాప్, లెన్స్ మారిస్తే మూడు. ధరలు ఎలాగూ తలకిందులుగా ఉంటాయి. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ చాలా కంపెనీల జాబితాలో అన్నిటికంటే చవకైనవాటిలో ఉంటుంది. ఏపీఎస్-సీ కెమెరా ఉన్నవాళ్ళు 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 తీసుకుంటే గదుల్లో సుఖం. 50 అయితే గోడకి ఆనుకుని నిలబడినా ముగ్గురు మనుషులు ఫ్రేమ్‌లో పట్టరు.

ఇంకో లెక్క చెబుతాను, దీన్ని చాలామంది నమ్మరు. ఎఫ్/5.6 కిట్ లెన్స్ తగిలించిన ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఒకవైపు, ఎఫ్/1.7 లెన్స్ తగిలించిన మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా ఇంకోవైపు. షట్టర్ స్పీడ్ ఒకటే. సెన్సర్ చిన్నదైనా రెండోదాని మీదే మొత్తం వెలుగు రెండున్నర రెట్ల పైగా పడుతుంది. అంటే పెద్ద సెన్సర్ కొని దానికి తగిన లెన్స్‌కి డబ్బు మిగుల్చుకోకపోతే, చీకట్లో చిన్న కెమెరా చేతిలో ఓడిపోతారు. నా సలహా ఎప్పుడూ ఒకటే: ముందు లెన్స్, తర్వాత బాడీ. ఐదారేళ్ళ కిందటి సెకండ్‌హ్యాండ్ బాడీకి మంచి లెన్స్ తగిలిస్తే, కొత్త బాడీకి కిట్ లెన్స్ తగిలించినదానికన్నా బాగా పనిచేస్తుంది.

ఎఫ్/1.4 కావాలా? 1.8 కన్నా వచ్చేది ముప్పాతిక స్టాప్ కూడా కాదు. బరువు, ధర మాత్రం చాలా పెరుగుతాయి. నేర్చుకునేవాళ్ళకి అనవసరం.

స్టెబిలైజేషన్ గురించి ఒక మాట. కంపెనీలు ఐదు స్టాపులని, ఎనిమిది స్టాపులని చెప్పుకుంటాయి. అవి నిర్ణీత పద్ధతిలో, కదలని వస్తువు మీద చేసిన పరీక్షలు. స్టెబిలైజేషన్ ఆపేది మీ చేతి వణుకుని. ఎదురుగా ఆడుకుంటున్న పిల్లాడిని అది ఆపలేదు. భవనాలు, వీధులు, కదలని వస్తువులు తీసేవాళ్ళకి అది వరం. మనుషుల్ని తీసేవాళ్ళకి ఎఫ్/1.8 లెన్సే దిక్కు.

చివరగా ఆటోఫోకస్. కెమెరా వివరాల్లో ఫోకస్ ఎంత చీకటి దాకా పనిచేస్తుందో మైనస్ 3 ఈవీ, మైనస్ 6 ఈవీ అని ఇస్తారు (ఈవీ అంటే వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ చీకటి). మైనస్ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. కానీ ఏ లెన్స్‌తో కొలిచారో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చదవండి. ఎఫ్/1.2 లెన్స్‌తో కొలిచిన అంకె మీ కిట్ లెన్స్‌కి వర్తించదు.

సెట్టింగులు: ఏ వరసలో ఆలోచించాలి

ఆటో మోడ్‌లో పెట్టి చీకట్లో ఫొటో తీస్తే కెమెరా తన లెక్క తను వేసుకుంటుంది. ఎదురుగా ఉన్నది కుర్చీయో, నాట్యం చేస్తున్న మనిషో చాలా సందర్భాల్లో దానికి పట్టదు. ఆ సంగతి తెలిసింది మీకు. కాబట్టి షట్టర్ స్పీడ్ మీ చేతిలో ఉండాలి.

మొదట అడగాల్సింది: ఎదురుగా ఉన్నది ఎంత కదులుతోంది? కదలకుండా కూర్చున్న మనిషికి 1/60 చాలు, మూడు నాలుగు ఫొటోలు వరసగా తీస్తే ఒకటైనా స్పష్టంగా వస్తుంది. మాట్లాడుతూ చేతులు ఊపుతున్నవాళ్ళకి 1/125. నడుస్తున్నవాళ్ళకి 1/250. నాట్యానికీ, ఆటలకీ 1/500 నుంచి మొదలు. అసలు ఏదీ కదలకపోతే మీ చేతి వణుకే హద్దు. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీది మిల్లీమీటర్ల అంకెని) కింద పెట్టి పైన ఒకటి వేసుకోండి. 50 మిల్లీమీటర్లకి 1/50. క్రాప్ సెన్సర్ అయితే ఒకటిన్నరతో గుణించి 1/75, డయల్ మీద దగ్గరున్నది 1/80. స్టెబిలైజేషన్ ఉంటే ఇక్కడ ఇంకా కిందకి దిగవచ్చు.

తర్వాత అపెర్చర్. సాధారణంగా లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత. కానీ ఎఫ్/1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు చాలా పల్చన. ఫుల్ ఫ్రేమ్ మీద 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో మీటరు దూరంలో ఉన్న ముఖాన్ని తీస్తే, ముందువెనకలుగా 4 సెంటీమీటర్లే స్పష్టంగా వస్తాయి. ముఖం కాస్త పక్కకి తిరిగి ఉంటే ఒక కన్ను ఫోకస్‌లో, ఇంకో కన్ను బయట. ఇద్దరు మనుషులుంటే ఇద్దరూ మీ నుంచి ఒకే దూరంలో ఉండేలా నిలబెట్టండి, లేదా ఎఫ్/2.8కి, ఎఫ్/4కి మూయండి. దీనికోసం ఐఎస్ఓ పెరిగితే పెరగనివ్వండి.

ఈ రెండూ తేలాక మిగిలిందే ఐఎస్ఓ. దాన్ని ఎంచుకోవడం ఉండదు, అది దానంతటదే తేలుతుంది. అందుకే నాకు మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపెర్చర్ పెట్టుకుని ఐఎస్ఓని ఆటోలో వదిలేయడం ఇష్టం. మొదటి పేరాలో చూసిన గదినే తీసుకోండి, అక్కడ ఎఫ్/5.6, ఐఎస్ఓ 100 దగ్గర ఒక సెకను వచ్చింది. మాట్లాడుతున్న మనిషిని తీయాలి కాబట్టి 1/125 కావాలి. ఒక సెకను నుంచి 1/125కి ఏడు స్టాపులు. కిట్ లెన్స్‌తో ఆ ఏడూ ఐఎస్ఓ నుంచే రావాలి: 200, 400, 800, 1600, 3200, 6400, 12,800. అదే ఎఫ్/2 లెన్స్ ఉంటే మూడు స్టాపులు లెన్స్ ఇచ్చేసింది, నాలుగే మిగిలాయి. ఐఎస్ఓ 1600 దగ్గర ఆగిపోతాం. 12,800కీ 1600కీ మధ్య తేడా ఎవరూ భూతద్దం పెట్టి చూడక్కర్లేదు.

ఆటో ఐఎస్ఓకి పై హద్దు పెట్టాలా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు గానీ భయంతో 1600 దగ్గర పెట్టకండి. హద్దు దాటాల్సి వచ్చినప్పుడు మాన్యువల్ మోడ్‌లో ఫొటో నల్లగా వస్తుంది. అపెర్చర్ ప్రయారిటీలో అయితే కెమెరా షట్టర్ స్పీడ్‌ని తగ్గించేస్తుంది, బొమ్మ కదిలిపోతుంది. నాయిస్ ఉన్న ఫొటోని ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ చాలావరకు బాగుచేస్తుంది. కదిలిపోయిన ముఖాన్ని ఏదీ నమ్మకంగా వెనక్కి తేలేదు.

ఇంకో సంగతి. 24 మెగాపిక్సెళ్ళ ఫొటో అంటే 6000 × 4000. ఫుల్ హెచ్‌డీ తెర మీద పట్టేవి రెండు మిలియన్ల పిక్సెళ్ళే. తెర నిండా చూసినప్పుడు దాదాపు పన్నెండు పిక్సెళ్ళు కలిసి ఒకటవుతాయి, వాటితో పాటు నాయిస్ కూడా సగటుకి వచ్చి మూడో వంతుకి తగ్గుతుంది. నూరు శాతం జూమ్ చేసి చూసుకుని బెంగపడేది తీసినవాళ్ళే. చూసేవాళ్ళెవరూ అలా చూడరు.

కెమెరా ముట్టుకోకుండా వచ్చే స్టాపులు

అన్నిటికన్నా చవకైనది ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే. చిన్న బల్బుకి రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని ఒక మీటరు దగ్గరికి జరిపితే, బల్బు నుంచి ముఖం మీద నేరుగా పడే వెలుగు నాలుగు రెట్లవుతుంది. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు, రెండు స్టాపులు. గోడల మీద నుంచి తిరిగొచ్చే వెలుగు కూడా ఉంటుంది కాబట్టి గదిలో లెక్క అచ్చంగా ఇలాగే రాదు, కానీ దరిదాపుల్లో ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ కొన్నా రాని లాభం, రెండడుగులు జరిగితే వచ్చేస్తుంది! “కాస్త ఇటు లైటు వైపు జరుగుతారా?” అని అడగడానికి మొహమాటపడి లక్షణమైన ఫొటోలు పోగొట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

బల్బు సరిగ్గా నెత్తి మీద ఉంటే కళ్ళు నీడలో పడిపోతాయి. మనిషిని ఒకడుగు వెనక్కి నిలబెడితే వెలుగు ముందు నుంచి పడుతుంది. ఫ్లాష్ ఉంటే దాన్ని తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొట్టండి, నేరుగా ముఖం మీద కాదు. ఫ్లాష్ గురించి వేరే పాఠం ఉంది, ఇక్కడ ఇంతకన్నా వద్దు.

ఫోకస్ కుదరనప్పుడు

చీకట్లో లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఎక్కడా ఆగకపోవడం అందరికీ అనుభవమే. ఆటోఫోకస్‌కి కావలసింది గీతలు, అంచులు: వెలుగు, నీడ కలిసే చోటు. నున్నటి బుగ్గ మీద దానికి ఏదీ దొరకదు. ఫోకస్ పాయింట్‌ని కంటి రెప్ప మీదకో, కళ్ళజోడు ఫ్రేమ్ మీదకో, చొక్కా కాలర్ అంచు మీదకో తీసుకెళ్ళండి. మనిషి ముఖం నుంచి కాలర్ ఎంతో దూరం ఉండదు గానీ, ఎఫ్/1.8 దగ్గర ఆ కాస్త కూడా తేడా చేస్తుంది, కాబట్టి కన్ను దొరికితే కన్నే. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) అయితే చాలా మోడళ్ళలో మధ్య పాయింటే అన్నిటికన్నా చురుకైనది. మిర్రర్‌లెస్‌లో కళ్ళని గుర్తుపట్టే మోడ్ ఉంటే అదే వాడండి.

అప్పటికీ కుదరకపోతే మాన్యువల్ ఫోకస్‌కి మార్చి, తెర మీద బొమ్మని పెద్దది చేసి చూస్తూ రింగు తిప్పండి. కదలనివాటికి ఇదే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

మీటర్ మోసం, తెర మోసం

కెమెరా మీటర్‌ ఎదురుగా ఉన్న దృశ్యమంతా సగటున మధ్యరకం బూడిద రంగని అనుకుంటుంది. వేదిక మీద ఒక్క ముఖం మీద వెలుగుండి చుట్టూ నలుపుంటే, ఆ నలుపుని కూడా బూడిదగా మార్చడానికి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. ముఖం తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (కెమెరా వేసిన లెక్క కన్నా వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్‌ని) మైనస్ 1 దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే మైనస్ 2 దాకా వెళ్ళండి. ఆటో ఐఎస్ఓ వాడుతుంటే ఇందువల్ల ఐఎస్ఓ కూడా దిగుతుంది, అదొక అదనపు లాభం. రాత్రి దృశ్యం రాత్రిలాగే ఉండాలి గదా.

తెర ఇంకో రకంగా మోసం చేస్తుంది. చీకట్లో కెమెరా తెర చాలా ప్రకాశంగా కనిపిస్తుంది, చీకటి ఫొటో కూడా అద్భుతంగా వచ్చిందనిపిస్తుంది. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే అంతా నలుపు. తెర వెలుగు తగ్గించుకోండి, హిస్టోగ్రామ్ (చీకటి పిక్సెళ్ళని ఎడమన, వెలుగువాటిని కుడిన చూపే గ్రాఫ్) చూడడం అలవాటు చేసుకోండి. గ్రాఫ్ అంతా ఎడమ గోడకి అతుక్కుపోయి ఉంటే తెర ఏం చెప్పినా నమ్మకండి.

ఎల్ఈడీ, ట్యూబ్‌లైట్ల కింద తీసిన ఫొటోల్లో అడ్డ చారలు వస్తున్నాయా? కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట, అంటే అది సెకనుకి 100 సార్లు దిశ మార్చుకునే చోట, చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. సైలెంట్ షట్టర్ (చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్) ఆపేసి, 1/100 లేదా 1/50 వాడండి. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 1/125, 1/60. యాంటీ ఫ్లికర్ అనే సెట్టింగ్ మీ కెమెరా మెనూలో ఉంటే అదీ ఆన్ చేయండి.

రంగుల సంగతి టూకీగా. పసుపు బల్బు 2700 కెల్విన్ దగ్గర, పగటి వెలుగు 5500 దగ్గర ఉంటాయి. రా ఫార్మాట్‌లో తీస్తే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని సర్దడం) తర్వాత మార్చుకోవచ్చు. పసుపు బల్బు వెలుగులో నీలం చాలా తక్కువ కాబట్టి, రంగు సరిచేసినప్పుడు నాయిస్ ముందుగా నీలంలోనే తేలుతుంది. పూర్తిగా తెల్లగా మార్చకుండా కాస్త పసుపు ఉంచితే చూడడానికీ బాగుంటుంది, నాయిస్ కూడా తగ్గుతుంది.

మరి ఫోన్లు ఎలా తీస్తున్నాయి?

ఇంత లెక్క చెప్పాక ఈ ప్రశ్న రావాలి. ఫోన్ సెన్సర్ గోరంత. అయినా నైట్ మోడ్‌లో ఫొటో శుభ్రంగా ఉంటుంది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లకి నైట్ సైట్ వచ్చినప్పుడు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అందులో మంత్రం ఏమీ లేదు. ఫోన్ వరసగా చాలా ఫొటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, సగటు తీస్తుంది. పదహారు ఫొటోల సగటు తీస్తే నాయిస్ నాలుగో వంతుకి పడిపోతుంది. మళ్ళీ అదే వర్గమూలం లెక్క! ఎక్కువ సేపు వెలుగు పోగుచేయడమే, ముక్కలు ముక్కలుగా. అందుకే కదలని దృశ్యాల్లో నైట్ మోడ్ గొప్పగా ఉంటుంది, గెంతుతున్న పిల్లల దగ్గర తడబడుతుంది. ఇదే పని మీ కెమెరాతోనూ చేయొచ్చు. కదలని దృశ్యాన్ని పదహారు సార్లు వరసగా తీసి, పొరల్ని సగటు చేయగల ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కలపండి.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సినవి

రాత్రి పూట గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టి మాట్లాడుతూ ఉండమనండి. మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ, లెన్స్ పూర్తిగా తెరిచి. షట్టర్ స్పీడ్ 1/15, 1/30, 1/60, 1/125, 1/250 దగ్గర పదేసి ఫొటోలు తీయండి. ప్రతి పదిలో ముఖం స్పష్టంగా వచ్చినవి ఎన్నో, అప్పుడు ఐఎస్ఓ ఎంతో రాసుకోండి. ఫొటోల్ని తెర నిండా చూడండి, జూమ్ చేయకుండా. ఎక్కడ స్పష్టత పెరగడం ఆగిపోయి నాయిస్ మాత్రమే పెరుగుతోందో, అదే మాట్లాడుతున్న మనుషులకి మీ హద్దు. అందరికీ ఒకే అంకె రాదు.

తర్వాత అదే మనిషిని, అదే షట్టర్ స్పీడ్ దగ్గర, బల్బు నుంచి మూడు మీటర్లు, రెండు మీటర్లు, ఒక మీటరు దూరంలో నిలబెట్టి తీయండి. ఆటో ఐఎస్ఓ ఎంతెంత దిగిందో చూడండి. నేను చెప్పిన నాలుగు రెట్ల లెక్కకి మీ గది ఎంత దగ్గరగా వచ్చిందో తెలుస్తుంది. తెల్ల గోడల గదిలో ఒకలా, ముదురు రంగు గోడల గదిలో ఇంకోలా వస్తుంది, వీలైతే రెండు చోట్లా చేయండి.

ఓపిక ఉంటే ఐఎస్ఓ 400, 6400 పరీక్ష కూడా. ఆ రెండు ఫైళ్ళనీ చెరపకుండా దాచి ఉంచండి. నాలుగో పాఠంలో ట్రైపాడ్ మీద సెకన్ల తరబడి తీసే ఫొటోలు, నక్షత్రాలు చుక్కలుగా నిలవాలంటే షట్టర్ ఎంతసేపు తెరవచ్చన్నది చూస్తాం. అందులో ఈ ఫైళ్ళతో పని ఉంది.